డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్: కణ విభజనకు ఆధారం, ఔషధాలకు గురి

మానవ దేహంలో ఏ కణమైనా రెండుగా విభజన చెందవలెనంటే, ముందుగా తన డి.ఎన్.ఏ.కు మరొక ప్రతిని సిద్ధం చేసుకోవాలి. ఆ ప్రతిని వ్రాయడానికి కావలసిన నాలుగు అక్షరాలలో థైమిన్ ఒకటి. థైమిన్‌కు కొరత రాకుండా చూచే ప్రోటీన్లలో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ ముఖ్యమైనది. దీనిని సంక్షిప్తంగా డి.హెచ్.ఎఫ్.ఆర్. అంటారు.

నిర్మాణం, విధులు

సుమారు 187 అమైనో ఆమ్లాలతో కూడిన ఈ చిన్న ఎంజైముకు సంబంధించిన జన్యువు మనలో 5వ క్రోమోజోముపై ఉన్నది. ఆకుకూరలు, పప్పుధాన్యాల ద్వారా మనకు లభించే ఫోలేట్ విటమిన్, టెట్రాహైడ్రోఫోలేట్ రూపంలో ఉన్నప్పుడే కణానికి ఉపయోగపడుతుంది. అది ఒక్కొక్క కార్బన్ పరమాణువును మోసికొనిపోయి అవసరమైన చోట అందించే బండి వంటిది. థైమిన్ తయారైన ప్రతిసారీ ఈ బండి డైహైడ్రోఫోలేట్‌గా మారి పనికిరాకుండా పోతుంది. దానిని మరల టెట్రాహైడ్రోఫోలేట్‌గా మార్చి పనిలో పెట్టడమే డి.హెచ్.ఎఫ్.ఆర్. విధి. మాత్రల రూపంలో మనం పుచ్చుకొనే ఫోలిక్ ఆమ్లాన్ని కూడా ఇదే రెండు దశలలో మార్చి కణానికి అందిస్తుంది.

ఈ ఎంజైము ఆగిపోతే థైమిన్‌తో పాటు అడినిన్, గ్వానిన్‌ల తయారీ కూడా కుంటుపడుతుంది. పుట్టుకతోనే ఈ ఎంజైము లోపించినవారిలో తీవ్ర రక్తహీనత, మెదడుకు ఫోలేట్ అందకపోవడం వంటి లక్షణాలు ఉంటాయని 2011లో వైద్య పత్రికలు వెల్లడించాయి.

మందు ముందు, గురి తరువాత

ఈ చరిత్రలో ఒక తెలుగువాని పాత్ర ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. పిదప ఫోలిక్ ఆమ్లాన్ని పోలియుండి, దాని పనికి అడ్డుపడే అమైనోప్టెరిన్ వంటి పదార్థాలను రూపొందించింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో తాత్కాలికంగా ఉపశమనం కనిపించింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

అమైనోప్టెరిన్ వంశానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. ఈ మందులు పట్టుకొనేది డి.హెచ్.ఎఫ్.ఆర్.నే అని 1958 ప్రాంతంలో గాని తేలలేదు. మెథోట్రెక్సేట్ ఈ ఎంజైమును ఎంతో గట్టిగా అంటిపట్టుకొని, సహజ ఫోలేట్‌కు చోటు లేకుండా చేస్తుంది. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాలు దీనివలన ఎక్కువగా దెబ్బతింటాయి. అయితే ఎముక మజ్జ, నోటిలోని పొర, ప్రేగుల లోపలి పొర కూడా వేగంగా విభజన చెందేవే కనుక వాటికీ హాని తప్పదు. అధిక మోతాదు ఇచ్చినప్పుడు ఈ ఎంజైము అవసరం లేకుండానే పనిచేయగల ఫోలినిక్ ఆమ్లాన్ని తరువాత ఇచ్చి ఆరోగ్యకరమైన కణాలను కాపాడుతారు.

సూక్ష్మజీవులకూ ఇటువంటి ఎంజైము ఉన్నది. కాని దాని ఆకృతి మనదానికి కొంత భిన్నం. ఆ భేదాన్ని ఆధారం చేసికొని గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌ల బృందం బాక్టీరియాపై ట్రైమెథోప్రిమ్, మలేరియాపై పైరిమెథమిన్ మందులను రూపొందించింది. వీరు 1988లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

క్యాన్సర్ కణాల ఎదురుదెబ్బ

కొన్ని క్యాన్సర్ కణాలు ఈ జన్యువుకు అనేక ప్రతులు తయారుచేసికొని, మందు పట్టుకోగలిగిన దానికంటె ఎక్కువ ఎంజైమును ఉత్పత్తి చేస్తాయని 1978లో రాబర్ట్ షిమ్కే బృందం నిరూపించింది. మరికొన్ని మందును లోపలికి రానివ్వవు. అందుచేతనే వైద్యులు ఒకే మందుపై ఆధారపడక పలు మందులను కలిపి ఇస్తారు.

వాడకంలో జాగ్రత్త

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను స్వల్ప మోతాదులో, వారానికి ఒక్కరోజు మాత్రమే ఇస్తారు. ఇక్కడ ఈ ఎంజైమును అడ్డుకొనడం కంటె, అడినోసిన్ అనే పదార్థం పెరిగి వాపును తగ్గించడమే ప్రధానమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈ మందును పొరపాటున ప్రతిదినం మింగినందువలన ప్రాణాపాయం కలిగిన సందర్భాలు ఉన్నాయి. ట్రైమెథోప్రిమ్ కలిసిన మందుతో దీనిని జతచేస్తే ఎముక మజ్జ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. గర్భిణులకు కీళ్లవాతం నిమిత్తం ఈ మందు ఇవ్వరాదు.

కనుక చీటీలోని 'వారానికొకసారి' అనే మాట ఏ భాషలో ఉన్నా, దానిని ఇంటిలోని పెద్దలకు తెలుగులో విడమరచి చెప్పి, ఏ వారమో ఖరారు చేసి క్యాలెండరులో గుర్తుపెట్టడం చదువుకొన్నవారి బాధ్యత. వైద్యుడు చెప్పిన వ్యవధిలో రక్తపరీక్షలు చేయించుకొనడమూ మరువరాదు.