పోలండ్ చరిత్రను క్రాకో నుంచి చదవాలి

పోలండ్ చరిత్ర అనగానే చాలామంది 1939లో హిట్లర్ దండయాత్ర దగ్గర మొదలుపెడతారు. అప్పటికి ఎనిమిది వందల ఏళ్లుగా ఆ దేశం కథ గ్రంథస్థం అవుతూనే ఉంది. అందులో ముఖ్యమైన భాగం విస్తులా నది ఒడ్డున ఉన్న క్రాకో నగరంలో పుట్టింది.

తొలి చరిత్రకారుడి అసలు పేరు తెలియదు. 12వ శతాబ్దం మొదట్లో మూడో బొలెస్వాఫ్ కొలువులో ఉండి లాటిన్‌లో రాసిన అతన్ని గల్లుస్ అనోనిముస్ అంటారు. రాసింది ప్రభువుల వంశ ప్రశస్తి. సుమారు వందేళ్ల తర్వాత క్రాకో బిషప్ విన్‌త్సెంతి కద్వుబెక్ నగర స్థాపకుడైన క్రాక్ రాజు కథనూ, గుహలో రాకాసి కథనూ అక్షరాల్లో పెట్టాడు. క్రాకో పిల్లలు ఇప్పటికీ ఆ కథ వింటూనే పెరుగుతారు.

కథల నుంచి ఆధారాల వైపు తిప్పినవాడు యాన్ ద్వుగోష్ (1415–1480). క్రాకో ప్రధాన చర్చిలో మతాధికారి, రాజకుమారులకు గురువు. పాత వృత్తాంతాలు, దస్త్రాలు వెతికి, పాతికేళ్లు శ్రమించి 12 భాగాల చరిత్ర రాశాడు. 1410 నాటి గ్రున్వాల్డ్ యుద్ధాన్ని ఆయన అంత వివరంగా చెప్పడం వెనుక ఒక కారణం ఉంది: ఆయన తండ్రి ఆ యుద్ధంలో పోరాడినవాడు. ఇంత గ్రంథమూ పూర్తిగా అచ్చయింది 18వ శతాబ్దంలోనే.

1795 నాటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండ్‌ను పూర్తిగా పంచుకున్నాయి. దేశం లేని ఆ కాలంలోనే చరిత్ర రచన పదునెక్కింది. చరిత్రకారుడు లెలెవెల్ లాంటివారు ప్రాచీన ప్రజాస్వేచ్ఛలో జాతి ఆత్మను వెతికారు. ఆస్ట్రియా ఏలుబడిలో కొంత స్వయంపాలన దక్కిన క్రాకోలో మరో ప్రశ్న వచ్చింది: మన రాజ్యం ఎందుకు కూలింది? మిహావ్ బొబ్‌జిన్‌స్కీ 1879లో వెలువరించిన పోలండ్ చరిత్రలో తప్పు ఇరుగుపొరుగు మీదికి మాత్రమే నెట్టలేదు. ఒక్క సభ్యుడు కాదంటే సభ నిర్ణయాలన్నీ రద్దయ్యే పద్ధతిని, బలహీనమైన రాజ్యాధికారాన్ని నిలదీశాడు. పొరుగు రాజ్యాల దురాశను తక్కువ చేశాడన్న విమర్శలో నిజముంది. అయినా ఓడిపోయిన జాతికి దాని తప్పులే చూపించడానికి కావలసిన ధైర్యం సామాన్యమైనది కాదు. పోలిష్ చరిత్ర రచనలో అసలు మలుపు ఇదేనని నా నమ్మకం.

ఆ పండిత పరంపరనే నాజీలు గురిపెట్టారు. 1939 నవంబరు 6న క్రాకో విశ్వవిద్యాలయంలో సమావేశం పేరుతో పిలిచి 183 మందిని నిర్బంధించారు. సాహిత్య చరిత్రకారుడు ఇగ్నాత్సి ఖ్జనోవ్‌స్కీ సాక్సెన్‌హౌసెన్ శిబిరంలోనే చనిపోయాడు. నగరంలోని యూదుల అంతాన్ని కళ్లారా చూసి రాసినవాడు మాత్రం పండితుడు కాదు. నాజీలు యూదులను బంధించిన గెట్టో లోపల మందుల దుకాణం నడిపిన తదేవుష్ పాన్‌కియెవిచ్, 1943 మార్చిలో ఆ గెట్టోను ఖాళీ చేయించేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన జ్ఞాపకాలు 1947లో వచ్చాయి.

కొత్తగా చదివేవారు ఆడమ్ జమోయ్‌స్కీ ఇంగ్లిష్‌లో రాసిన ‘ది పోలిష్ వే’తో మొదలుపెట్టవచ్చు. లోతు కావాలంటే నార్మన్ డేవిస్ 1981 నాటి రెండు సంపుటాలు ‘గాడ్స్ ప్లేగ్రౌండ్’ ఉన్నాయి. క్రాకో కోసం మాత్రం పాన్‌కియెవిచ్ పుస్తకాన్ని వదలకండి. అది ఇంగ్లిష్‌లోనూ దొరుకుతుంది.