పాత కంప్యూటరు – పెడన అద్దకం

మొన్న సంక్రాంతికి పెడన వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నన్ను కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా తన కంప్యూటరు ముందు కూర్చోబెట్టేశాడు. సదరు కంప్యూటరు ఒకప్పుడు నాదే. 2017లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో షాపు షాపూ తిరిగి, ఒక్కో పార్టూ బేరమాడి బిగించుకున్నది. రైజెన్ 5 1600 ప్రాసెసరు, బీ350 మదర్‌బోర్డు, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్, ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు. పెళ్ళయ్యాక నాకు ఆటలు తగ్గి (తగ్గించబడి :)), అది అక్కా వాళ్ళింటికి చేరింది.

"మావయ్యా, గేము ఆగాగి వస్తోంది. పదిహేను వేలు దాచుకున్నా. గ్రాఫిక్స్ కార్డు కొనిపెట్టవా?" అన్నాడు వాడు.

గేము ఆడించి టాస్క్ మేనేజరు తెరిచి చూశాం. కార్డు వాడకం అరవై శాతం దాటట్లేదు. మెమరీ మాత్రం అంచుదాకా నిండిపోయింది. డిస్కు నూరు శాతం దగ్గర మూలుగుతోంది. అంటే ర్యామ్ చాలక సరుకంతా డిస్కు మీదకి పోతోంది, డిస్కేమో అందించలేకపోతోంది, కార్డు పని లేక ఖాళీగా ఎదురుచూస్తోంది. ఇప్పుడు కొత్త కార్డు కొంటే అదీ ఎదురుచూస్తుంది. కాకపోతే ఖరీదుగా ఎదురుచూస్తుంది, అంతే తేడా.

ఇదంతా వాడికి చెబుతుంటే, పక్కన పేపరు చదువుకుంటున్న మా బాబాయి "మా షెడ్డులోనూ ఇదే గొడవరా అబ్బాయ్. ఏది మార్చాలి, ఏది ఉంచాలి అని నలభై ఏళ్ళుగా కొట్టుకుంటున్నాం" అన్నాడు. బాబాయిది కలంకారీ అద్దకం పని. ఆయన మాట పట్టుకుని ఆలోచిస్తే, ఈ బందరు - పెడన అద్దకం చరిత్ర మొత్తం ఒక పెద్ద అప్‌గ్రేడ్ కథ అనిపించింది.

శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది, మనది చెక్క అచ్చులతో అద్దేది అని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పద్ధతి టూకీగా ఇదీ. నేత గుడ్డని ఉతికి, కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ళని టేకు అచ్చుతో అద్దితే, ఇనుమూ కరక్కాయా కలిసి నలుపు వస్తుంది. ఎరుపు రావాల్సిన చోట అద్దేది రంగు కాదు, పటిక. దాన్ని పారే నీళ్ళలో జాడించి, రాగి పాత్రలో ఎర్ర రంగు నీళ్ళలో ఉడికిస్తే పటిక ఉన్న చోటే ఎరుపు పడుతుంది. మళ్ళీ జాడింపు, మళ్ళీ ఎండబెట్టడం, ఆ తర్వాత మిగతా రంగులు. గుడ్డ, పటిక, రంగు, అచ్చు, కాలవ నీళ్ళు... ఒకదానికొకటి ముడిపడి ఉన్న సిస్టమ్ అన్నమాట.

ఇందులో అందరికన్నా ముందు, అన్నిటికన్నా తేలిగ్గా మారింది డిజైను. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో బందర్లో దిగి కొట్లు పెట్టారు. కొనేవాడు పర్షియావాడైతే ఒక రకం, యూరపువాడైతే ఒక రకం. ఎర్ర నేల వద్దు, తెల్ల నేల మీద పువ్వులు కావాలని 1643లో లండన్ నుంచి సూరత్‌లోని కంపెనీవాళ్ళకి ఉత్తరం కూడా వెళ్ళింది. మనవాళ్ళకి అదేం కష్టం కాలేదు. అచ్చు మార్చారు, పద్ధతి అలాగే ఉంది.

సరుకు ఎంత బాగుందంటే అక్కడి నేతగాళ్ళు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టల్ని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా కఠినమైన చట్టం చేసింది. ఆ తర్వాత వాళ్ళే అద్దడం నేర్చుకున్నారు. 1783లో థామస్ బెల్ రోలరుతో అద్దే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఇటు 1864 నవంబరు తుపానులో ముప్పై వేలమంది దాకా పోయారు, బందరు రేవు మళ్ళీ పాత వైభవానికి రాలేదు.

అసలు నాకు ఆసక్తి కలిగించింది మాత్రం 1868. మన ఎరుపు అంతకు ముందు చిరివేరు నుంచి వచ్చేది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. నిజాంపట్నం చిరివేరుకి పెద్ద పేరుండేది. ఆ వేరులో ఎరుపునిచ్చే ముఖ్య పదార్థం పేరు అలిజరిన్. 1868లో గ్రాబే, లీబర్మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయనశాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్ళలోనే అది ఫ్యాక్టరీ సరుకైపోయింది. వేరులో మిగతా పదార్థాలూ ఉంటాయి కాబట్టి ఛాయలో తేడా ఉంటుంది కానీ, అసలు అణువు అదే. అంటే అదే పటిక, అదే కరక్కాయ, అదే ఉడికింపు, అదే కాలవ. వేరు తవ్వే పని పోయి డబ్బా వచ్చింది. మన భాషలో చెప్పాలంటే సాకెట్ మారలేదు, చిప్పు మారింది. పెడనలో ఇప్పటికీ చాలా షెడ్లలో ఎరుపుకి వాడేది ఈ అలిజరినే.

ఇక స్క్రీను ప్రింటింగు సంగతి. ఇది పైకి ఒక్క పార్టు మార్చినట్టే కనపడుతుంది, అచ్చు బదులు స్క్రీను. కానీ 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన లెక్క ఒకటి ఉంది కదా, మనం కాలేజీలో బట్టీపట్టింది. ఉదాహరణకి ఒక లాటు బయటికి రావడానికి పన్నెండు రోజులు పడుతుందనుకుందాం. అందులో అద్దేది మూడు రోజులు. స్క్రీనుతో ఆ మూడు రోజుల పనిని పదింతలు వేగం చేసినా మొత్తం 9.3 రోజులు పడుతుంది. మిగతాదంతా నానడం, జాడించడం, ఉడకడం, ఎండడం. కాలవ కట్టేసిన ఎండాకాలంలో అయితే అదీ సాగదు. బోరు వేద్దామంటే సముద్రం దగ్గర కదా, చాలా చోట్ల ఉప్పు నీళ్ళు.

కాబట్టి స్క్రీను పెట్టినవాడు అక్కడితో ఆగలేడు. నిజంగా వేగం రావాలంటే ఉడికింపు తీసెయ్యాలి, జాడింపు తీసెయ్యాలి. పటిక బదులు గుడ్డకి అతుక్కునే రెడీమేడ్ రంగు కావాలి. కార్డు మారుద్దామని మొదలుపెట్టి మదర్‌బోర్డుతో సహా మార్చేసినట్టు. చివరికి మిగిలేది డిజైను ఒక్కటే. ఆ డిజైనునేమో సూరత్‌లో డిజిటల్ యంత్రం ఇంకా చవగ్గా కొట్టేస్తుంది. స్క్రీనుకి మారినవాళ్ళని తప్పుపట్టడానికి నేనెవర్ని? వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగింది దానివల్లే. కానీ పోటీ ఎవరితో అన్నది మాత్రం వాళ్ళకి తెలియకుండానే మారిపోయింది.

మా వాడి కంప్యూటరుకి వస్తే, వాడి అదృష్టం బాగుంది. 2017లోనే ఇంటెల్ ఎనిమిదో తరం చిప్పులకి అదే 1151 పిన్నుల సాకెట్ ఉంచి, పాత బోర్డుల్లో మాత్రం నడవనివ్వలేదు. ఏఎండీ మొదట నసిగినా, 2022లో 300 సిరీస్ బోర్డులకి కూడా రైజెన్ 5000 చిప్పుల బయాస్ ఇచ్చింది. పైగా విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. రైజెన్ 1600 విండోస్ 11 జాబితాలో లేదు, రైజెన్ 5600 ఉంది. అందుకని ఈ వరస రాసిచ్చాను: ముందు ఎస్‌ఎస్‌డీ, దాంతోపాటు సెకండ్ హ్యాండులో ఇంకో 8 జీబీ ర్యామ్ (2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో తెలుసుగా), తర్వాత బయాస్ అప్‌డేట్ చేసి 5600. కార్డు అన్నిటికన్నా ఆఖర్న, అదీ పవర్ సప్లయి సరిపోతుందో లేదో చూసుకున్నాక. వాడు కొంచెం మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

బాబాయి ఒప్పుకోలేదు.

"అదంతా బాగానే ఉందిరా. మరి మా షెడ్డులో ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తున్నారో చెప్పు" అన్నాడు. కాలవేమో అన్నాను. కాదన్నాడు. షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఆరు బల్లలుంటే రెండిటి మీదే పని జరుగుతోంది. గోడ నిండా అచ్చులు, కొన్ని వాళ్ళ నాన్నగారి నాటివి. అచ్చు కొట్టే చేతులే లేవు. వాళ్ళ పిల్లలు విజయవాడ, హైదరాబాదు పోయారు. ఇక్కడొచ్చే కూలి కన్నా అక్కడ ఎక్కువ. కూలి పెంచుదామంటే చీర ధర పెంచాలి. హైదరాబాదు నుంచి ఒక షాపాయన స్క్రీనుకి మారితే నెలనెలా సరుకు తీసుకుంటానన్నాడట. ఉగాదిలోపు ఏదో ఒకటి చెప్పాలట.

"ధర పెంచితే కొనరా?" అన్నాను.

బాబాయి మాట్లాడకుండా నా చొక్కా అంచు పట్టుకుని తిరగేశాడు. పండక్కని ఆన్‌లైన్లో కొన్న కలంకారీ చొక్కా అది. పైన ఎర్రటి పువ్వులు, లోపల దాదాపు తెల్లగా ఉంది. ఉడికించిన రంగైతే దారంలోకి దిగి రెండు వైపులా కనపడుతుందట.

"ఎంత పెట్టి కొన్నావేంటి?"

"ఆరొందల యాభై."

"ఊఁ" అని, అంచు సరిచేసి, అచ్చులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మేనల్లుడికి పావుగంటలో లిస్టు రాసిచ్చినవాణ్ణి, ఆయనకి ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను. వచ్చేటప్పుడు షెడ్డులోనే రెండు చొక్కాల గుడ్డ కొన్నాను. సొంత బాబాయి కదా, తగ్గిస్తాడేమో అనుకున్నా. పైసా తగ్గించలేదు.