ఆకాశం నీలంగా ఎందుకు ఉంటుంది? మగ్రిబ్ వేళ ఎరుపెందుకు?

వాన వెలిశాక శంషాబాద్ ఎయిర్‌పోర్టు మీద ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. చలికాలం పొద్దున అదే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. సముద్రం రంగు పైన పడుతుందని పిల్లలకు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ శంషాబాద్‌కు సముద్రం వందల కిలోమీటర్ల దూరం!

నీలానికి కారణం గాలి. ఎండలో అన్ని రంగులూ కలిసే ఉంటాయి. అది గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులను తాకి చెదురుతుంది. ఎరుపు కంటే నీలం సుమారు 6 రెట్లు ఎక్కువ చెదిరి, అన్ని వైపుల నుంచీ కంటికి చేరుతుంది. ఊదా ఇంకా ఎక్కువే చెదురుతుంది గానీ, ఎండలో దాని పాలు తక్కువ, మన కన్ను కూడా దాన్ని అంతగా పట్టదు.

9వ శతాబ్దంలో బగ్దాద్ పండితుడు అల్-కిందీ ఈ ప్రశ్న మీదే ఒక రిసాలా రాశారు. గాలిలోని ధూళి, ఆవిరి మీద పడిన వెలుగు పైనున్న చీకటితో కలిసి నీలంగా కనిపిస్తుందని ఆయన వాదన. వెలుగు చెదరడానికి లెక్క కట్టింది ఇంగ్లండ్ శాస్త్రవేత్త రేలీ, 1871లో. ధూళి లేకపోయినా గాలి అణువులే చాలని ఆయనే 1899లో చూపించారు. నిజానికి ధూళి, పొగ రేణువులు పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. చలికాలపు తెలుపు అందుకే.

ఇక్కడి నుంచి ఉమ్రాకు వెళ్లేవాళ్లు కిటికీలోంచి పైకి చూస్తే ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. 11 కిలోమీటర్ల ఎత్తులో మూడొంతులకు పైగా గాలి కిందే ఉండిపోతుంది. చెదరగొట్టే గాలి తక్కువ కాబట్టి పైన ఆకాశం నల్లబడిన నీలంగా ఉంటుంది.

మగ్రిబ్ ముందు సూర్యకాంతి నడినెత్తి మీద ఉన్నప్పటికంటే 30 రెట్లకు పైగా గాలిని దాటి రావాలి. నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. సూర్యుడు దిగాక కూడా పైగాలికి వెలుగు తగులుతూనే ఉంటుంది, అదే షఫక్. ముందు ఎరుపు, తర్వాత తెలుపు పోతాయి. ఇషా వేళ మొదలవడానికి తెలుపు కూడా పోవాలని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఎరుపు పోతే చాలని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్, అలాగే ఇమామ్ షాఫిఈ అన్నారు. నమాజు టైంటేబుళ్లలో ఇషాకు తేడా కనిపిస్తే దానికి ఇదొక కారణం. ఎయిర్‌పోర్టు లైట్ల దగ్గర నిలబడి తెల్ల షఫక్‌ను కంటితో పట్టడం మాత్రం కష్టం.

నెలవంకకూ ఇదే అడ్డు. సన్నని చంద్రుడు పడమట బాగా కిందన, ఆ వెలుగులోనే ఉంటాడు. ధూళి ఎక్కువున్న సాయంత్రం ఉన్న చంద్రుడే కనబడడు. వాన కడిగిన ఆకాశంలో చూడటం తేలిక.