గుండె నాళంలో ఖలాయి

రాగి దేగ్ ఉన్న ఇంట్లో ఖలాయి గురించి వేరే చెప్పక్కర్లేదు. లోపల తగరం పూత ఉన్నంతకాలం ఖానా సలామత్. పూత పోతే చిలుము. గుండె నాళంలో పెట్టే స్టెంట్‌కూ పూత వేస్తారు. అక్కడ మాత్రం కథ ఉల్టా అయింది. పూత పోకుండా ఉండిపోయినందుకే తక్లీఫ్ వచ్చింది.

1977లో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే డాక్టర్ ఇరుకైన గుండె నాళాన్ని చిన్న బెలూన్‌తో తెరిచాడు. అలా తెరిచిన నాళాలు కొందరికి మళ్లీ ముడుచుకుపోయేవి. 1986లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ ప్యూయెల్ లోపల లోహపు జాలీ నిలబెట్టాడు. అదే స్టెంట్. 1990లలో మన హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం సాబ్ కలిసి తక్కువ ధరకు తెచ్చిన కలాం-రాజు స్టెంట్ కూడా పూత లేనిదే. జాలీ నిలిచింది గానీ, నాళం గోడ దాన్ని గాయంగా భావించి చుట్టూ కండ పెంచేది. చాలామందికి నెలల్లోనే దారి మళ్లీ ఇరుకయ్యేది.

దీనికి దవా ఎక్కడో పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి మట్టిలో దొరికింది. ఖుషాబ్‌లో పుట్టి కెనడా చేరిన సురేన్ సెహగల్ బృందం ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రాపమైసిన్ తీసింది. కణాల పెరుగుదలను ఆపే మందు అది. దాన్ని ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌లో కలిపి జాలీకి పూశారు. 2002లో అచ్చయిన రావెల్ పరిశోధన చూసి అందరూ హైరాన్. ఆరు నెలలకు మామూలు స్టెంట్ వాళ్లలో 26.6 శాతం మందికి నాళం ఇరుకైతే, పూత స్టెంట్ వాళ్లలో ఒక్కరికీ కాలేదు. 2003 ఏప్రిల్‌లో అమెరికా ఇజాజత్ ఇచ్చింది.

ఆ సున్నా ఇచ్చిన జోష్‌లో ఒక సవాల్ వెనకబడిపోయింది. మందు చాలావరకు నెల రోజుల్లో వెళ్లిపోతుంది. మరి పాలిమర్? అది జిందగీ భర్ అక్కడే. 2004లో రేణు విర్మాణి బృందం, స్టెంట్ వేసిన 18 నెలలకు చనిపోయిన ఒకాయన నాళాన్ని పరీక్షించింది. పూత చుట్టూ అలర్జీ కణాలు మూగి ఉన్నాయి. గోడ వాచింది, లోపల రక్తం గడ్డ. అదే ఏడాది లాన్సెట్ పత్రికలో నలుగురి కేసులు వచ్చాయి. సుమారు ఏడాది బాగానే ఉండి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే గోలీలు ఆపిన కొద్దికాలానికే గడ్డ కట్టింది. నాళం లోపలి పొర పెరిగి జాలీని కప్పేస్తే ముప్పు తగ్గుతుంది. కండ పెరగకుండా ఆపిన మందు ఆ పొరనూ ఆలస్యం చేసింది.

2006లో బార్సిలోనా వైద్యసభలో దీని మీద పెద్ద హంగామా జరిగింది. 2007 జనవరిలో అమెరికా వైద్య సంఘాలు రెండు రకాల గోలీలు ఏడాది వాడాలన్నాయి. తర్వాత జాలీ తీగలు సన్నబడ్డాయి, కొన్ని రకాల్లో పాలిమర్ కరిగిపోతుంది. ముప్పు బాగా తగ్గింది. స్టెంట్‌ను లోపలికి చేర్చే తీగల, గొట్టాల జారుడు పూత ఊడి రక్తంలో కలవవచ్చని 2015లో మరో హెచ్చరిక వచ్చింది, అది వేరే దాస్తాన్.

2017లో కేంద్రం పూత స్టెంట్ ధర 29,600 రూపాయలు మించకూడదన్నప్పుడు మన మొహల్లాల్లో ధర గురించి మాట్లాడనివాళ్లు లేరు. గోలీల మాట ఎవరూ ఎత్తలేదు. "తబియత్ ఠీక్ హై" అనో, పన్ను పీకించుకోవాలనో, రోజాలు వచ్చాయనో తమంతట తామే ఆపేసినవాళ్లను నేను చూశాను. సహరీ, ఇఫ్తార్ వేళలకు గోలీలు సర్దమని డాక్టర్‌ను అడిగితే సర్దుతారు. స్టెంట్ వేసినప్పుడు ఇచ్చే కార్డు మీద దాని రకం, వేసిన తేదీ ఉంటాయి. మా మామూజాన్ తన కార్డును రేషన్ కార్డుతో పాటు ఒకే కవర్లో దాచుకున్నారు.