నోటిపూత: జమ ఎవరి ఖాతాలో?

నోరు పూసిందంటే మన ఇళ్ళల్లో మొదట వినపడే మాట "వేడి చేసింది". బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగు కుటుంబాలున్న మా ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలోనూ అదే మాట. తేనె రాస్తారు, మజ్జిగ తాగిస్తారు, కొందరు తాయెత్తు కడతారు. పది రోజుల్లో తగ్గిపోతుంది. నిజానికి మామూలు నోటిపూత ఏ మందూ లేకుండానే ఒకటి రెండు వారాల్లో మానుతుంది. మనం మాత్రం ఆఖరున ఏది చేశామో దాని ఖాతాలో జమ రాస్తాం.

అన్ని పూతలూ అలా మానవు. స్ప్రూ అనే జబ్బులో నాలుక ఎర్రబడి పుండ్లు పడతాయి, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. ఆ పేరే నోటిపూతకు డచ్చివారి మాట నుంచి వచ్చింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు ఈ జబ్బుతోనే పోయారు. ఆయనకూ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారని చెబుతారు.

హేతువాదులు దీన్ని దాచనక్కర్లేదు. ఒక రోగి కోలుకోవడం ఒక్క వోచరు, అది ఆడిట్ రిపోర్టు కాదు. మందు వేసుకోకపోతే ఏమయ్యేదో పోల్చి చూడటానికి అక్కడ దారి లేదు. సుబ్బారావు కూడా అక్కడితో ఆగలేదు. 1923లో అమెరికా వెళ్ళారు.

ఈలోగా లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1945లో లెడర్లీ సంస్థలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే నాలుక మానింది, రక్తం పెరిగింది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ అది. శాపమూ కాదు, వేడీ కాదు.

అయితే ఇదీ సర్వరోగ నివారిణి కాదు. లోపించింది బి12 అయితే, ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే మందుకన్నా ముందు కారణం తెలియాలి.

మూడు వారాలు దాటినా మానని పుండును, ముఖ్యంగా ఖైనీ, గుట్కా నమిలేవారు, "వేడి" అని వదిలేయకండి. అది కాన్సర్ కావచ్చు. తాయెత్తు మార్చేలోపు డాక్టరుకు చూపించండి.