పెంబర్తి గుర్రం: లోహంలో పరుగు

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో, జనగామకు కాస్త ముందు పెంబర్తి వస్తుంది. దేవాలయాల తలుపులకు, ధ్వజస్తంభాలకు, మకరతోరణాలకు, ఉత్సవ వాహనాలకు వేసే ఇత్తడి తొడుగులు ఇక్కడి విశ్వకర్మల ఇళ్లలో తయారవుతాయి. వాహనాల్లో అశ్వవాహనం చెయ్యడం పనివాడికి పెద్ద పరీక్ష. ఏనుగు నిలబడి ఉన్నా ఏనుగే, నంది పడుకుని ఉన్నా నందే. గుర్రం అలా కాదు. కదలని లోహంలో పరుగు కనిపించాలి. ముందుకాళ్లు లేవాలి, చెవులు నిక్కాలి, మెడ వంపులో బిగువు తెలియాలి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి మాడవీధుల్లోకి వచ్చే అశ్వవాహనాన్ని చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పరీక్ష ఒక్క పెంబర్తిదే కాదు. దీని వెనక రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

సముద్రం దాచిన పందెపు గుర్రం

గ్రీసు దేశంలో ఆర్టెమిసియోన్ అగ్రం దగ్గర సముద్రంలో మునిగిన ఓ పాతకాలపు ఓడలో 1926 నుంచి కంచు ముక్కలు దొరకడం మొదలైంది. ఏళ్ల తరబడి వాటిని జతచేస్తూ వస్తే నిలువెత్తు పందెపు గుర్రం, దాని మీద కళ్లెం లాగుతున్న పసివాడు బయటపడ్డారు. క్రీస్తుకు పూర్వం 140 ప్రాంతాల నాటి పని అది. ఎత్తు సుమారు రెండు మీటర్లు. ఇప్పుడు ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. గుర్రం కుడి తొడ మీద చిన్న ముద్ర కనిపిస్తుంది. అది చేతిలో దండ పట్టుకున్న విజయదేవత నైకీ బొమ్మ. ఆ గుర్రం పందేలదని చెప్పే గుర్తు అదే. కంచులో పోసిన పందెపు గుర్రాలన్నిటికీ పెద్దదిక్కు ఇదేనని చెప్పుకోవచ్చు. చైనాలోని గాన్సూ ప్రాంతంలో 1969లో తవ్వకాల్లో దొరికిన హాన్ కాలపు కంచు గుర్రం కూడా అంత పేరున్నదే. దాని మూడు కాళ్లు గాల్లో ఉంటాయి, నాలుగోది ఎగిరే పిట్ట వీపు మీద ఆనుతుంది.

19వ శతాబ్దానికి వచ్చేసరికి ఈ కళకు ఫ్రాన్స్ ఇల్లయింది. ఆంత్వాన్ లూయీ బారీ (1795–1875), పియెర్ జ్యూల్ మేన్ (1810–1879), ఇసిడోర్ బొనూర్ (1827–1901) జంతువుల కంచు బొమ్మలతోనే జీవితాలు గడిపారు. 1860లలో మేన్ చేసిన డెర్బీ విజేత బొమ్మలో జాకీ, గుర్రం ఇద్దరూ పందెం గెలిచి వస్తారు. అప్పటికి గుర్రం దౌడు తీసేటప్పుడు కాళ్లు ఎలా పడతాయో మనిషి కంటికి అందలేదు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అమెరికాలో వరుసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీశాకే సంగతి తేలింది. నాలుగు కాళ్లూ నేలను వదిలే క్షణం ఒకటుంది. అయితే అది చిత్రకారులు అనుకున్నట్టు కాళ్లు బారచాచినప్పుడు కాదు, కడుపు కిందికి ముడుచుకున్నప్పుడు. అంతవరకూ శిల్పులు తమ చూపునే నమ్ముకుని పరుగును పోతపోశారు.

గుర్రం ఓడెక్కి వచ్చిన నేల

మన దగ్గర గుర్రానికి ఇంత విలువ ఎందుకొచ్చిందో తెలియాలంటే కాకతీయుల కాలానికి వెళ్లాలి. దక్కను నేల మీద మేలుజాతి గుర్రాలు కావలసినన్ని పుట్టలేదు. అరేబియా, పర్షియా గుర్రాలు ఓడల్లో రావలసిందే. మార్కో పోలో పాండ్య దేశం గురించి రాస్తూ, ఏటా వేలకొద్దీ గుర్రాలు దిగుతున్నాయని, సరిగా సాకడం తెలియక చాలావరకు ఏడాది తిరగకుండానే చచ్చిపోతున్నాయని చెప్పాడు. తీరం చేరిన ప్రతి గుర్రం ధర ఏ స్థాయిలో ఉండేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఈ వ్యాపారానికి గట్టి సాక్ష్యం. తుపానులో చిక్కి ఓడలు పాడైతే అందులోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను అలా చెయ్యనని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటానని ఆయన వర్తకులకు మాటిచ్చాడు. ఆ జాబితాలో బంగారం పక్కన గుర్రం నిలవడం గమనించదగ్గది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చుకున్నాడని చరిత్రకారుడు బరనీ రాశాడు. ఢిల్లీ సైన్యం పట్టుకెళ్లిన సంపదలో గుర్రానిది పెద్ద పద్దే.

కాకతీయుల కాలంలో ఆలయాలకు, రథాలకు రేకు తొడుగులు చేసిన పనివాళ్ల వారసత్వమే పెంబర్తిదని చెబుతారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఆ ఆదరణ పోయింది. తర్వాత నిజాముల ఏలుబడిలో అవే చేతులు పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేసి బతికాయి.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గుర్రాలంటే ప్రాణం పెట్టేవాడు. మౌలాలీలో జరిగే పందేలను 1886లో తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా ఉండే మలక్‌పేటకు మార్పించాడు. హైదరాబాద్ రేసులు ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి. పందేల మోజుతో పాటు యూరప్ కంచు బొమ్మల మోజు కూడా హైదరాబాద్ దివాణాల్లోకి వచ్చింది. మూడో సాలార్‌జంగ్ సేకరణతో 1951లో తెరిచిన మ్యూజియంలో యూరప్ కంచు శిల్పాలకు ప్రత్యేకంగా ఓ గదే ఉంది.

పోతపని, రేకుపని

లోహంతో గుర్రాన్ని చెయ్యడానికి రెండు దారులున్నాయి. రాగిలో తగరం కలిస్తే కంచు. కరిగిన కంచు అచ్చులోని సన్నగీత దాకా పాకుతుంది కాబట్టి పోతకు అది అనువైనది. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి. రేకుగా సాగుతుంది, సుత్తి దెబ్బకు లొంగుతుంది.

పోతపని చూడాలంటే పాత ఆదిలాబాద్ జిల్లాకు, ఉషేగాం ఓఝా పనివాళ్ల దగ్గరికి వెళ్లాలి. మట్టితో లోపలి బొమ్మ చేసి, దాని మీద తేనెమైనాన్ని దారాలుగా తీసి చుడతారు. గుర్రం జూలు, కళ్లెం, మెడలో గంటలు అన్నీ ఆ మైనపు దారాలతోనే వస్తాయి. పైన మళ్లీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అందుకే ఒక గుర్రంలా మరో గుర్రం ఉండదు. ఆదిలాబాద్ డోక్రా పేరుతో ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పెంబర్తిది రేకుపని. ఇత్తడి రేకును నిప్పుల మీద ఎర్రగా కాల్చి చల్లారుస్తారు. దాంతో అది మెత్తబడుతుంది. కాగితం మీద గీసిన బొమ్మను రేకు మీదికి ఎక్కిస్తారు. గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపి కాచిన లక్కను రేకు వెనక పోసి గట్టిపడనిస్తారు. ఆ లక్క అటు రేకు చిరగకుండా ఆపుతుంది, ఇటు దెబ్బ పడ్డచోట దిగుతుంది. ఇక ఉలి, సుత్తి పని. ఈ ఉలి రేకును కొయ్యదు, నొక్కుతూ పోతుంది. వెనకనుంచి కొడితే గుర్రం చెంప ఉబ్బుతుంది. ముందునుంచి సన్న ఉలితో నొక్కితే ముక్కుపుటం లోపలికి పోతుంది, కంటి చుట్టూ రెప్ప తేలుతుంది. పని అయ్యాక వేడిచేసి లక్కను తీసేస్తారు, శుభ్రం చేసి మెరుగు పెడతారు. ఇలా చేసిన పలకలను చెక్కతో చేసిన గుర్రపు ఒంటికి అతుకు తెలియకుండా బిగిస్తారు. మెడ దగ్గరి పలక ఏమాత్రం తేడాగా వంగినా గుర్రం నిలబడిపోయినట్టే ఉంటుంది. పరుగంతా ఆ వంపులోనే ఉంది.

పెంబర్తి లోహపు పనికి కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పెంబర్తి ఒకటి.

పేరు ఎక్కడ?

ఫ్రెంచి కంచు గుర్రాన్ని వేలానికి పెట్టినప్పుడు కొనేవాళ్లు ముందు బొమ్మను ఎత్తి పీట వైపు చూస్తారు. అక్కడ మేన్ సంతకం ఉందా, బారీ సంతకం ఉందా, ఏ పోతశాల ముద్ర ఉంది అన్నదాన్నిబట్టే ధర తేలుతుంది. నూటయాభై ఏళ్లయినా ఆ శిల్పుల పేర్లు జనం నోళ్లలో ఉండటానికి కారణం వాళ్ల చేతివాటం మాత్రమే కాదు, లోహం మీద మిగిలిన సంతకం కూడా.

మన అశ్వవాహనాల మీద కూడా చాలాచోట్ల పేరు ఉంటుంది. అది దాతది. ఫలానావారు ఫలానా సంవత్సరంలో సమర్పించారని చెక్కి ఉంటుంది. దాత పేరు ఉండవలసిందే. కానీ నెలల తరబడి లక్క పొగలో కూర్చుని ఆ గుర్రానికి పరుగు నేర్పినవాడి పేరు కనిపించదు. పాతికేళ్లు పోతే ఆ వాహనం ఎవరి చేతి పనో ఊళ్లో చెప్పేవాళ్లుండరు. పేరు లేని పనికి మార్కెట్లో బరువు కొలిచి ధర కడతారు.

పనివాడి పేరు నిలబెట్టడం ఈ ప్రాంతానికి కొత్త సంగతి కాదు. ములుగు జిల్లాలో ఉన్న పాలంపేట గుడిని 1213లో కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. లోపల కొలువైనవాడు రుద్రేశ్వరుడు. జనం మాత్రం శిల్పి పేరుగా చెప్పుకునే రామప్ప పేరుతోనే ఆ గుడిని పిలుస్తున్నారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు కూడా ఊరూవాడా వినిపించింది రామప్ప పేరే.

జనగామ జిల్లాలో జీడికల్లు, పాలకుర్తి, మహబూబాబాద్ జిల్లాలో కురవి, భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరం, ఇంకా ఊరూరా ఉన్న గుళ్లు ఎప్పుడో ఒకప్పుడు కొత్త వాహనాలు చేయించుకుంటాయి. ఆ రోజున ఆలయ కమిటీలు ఒక్క పని చెయ్యాలి. దాత పేరు కింద మరో వరుస చెక్కించాలి: చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం. పెంబర్తి దుకాణాల్లో చిన్న ఇత్తడి గుర్రం కొనేవాళ్లు కూడా చేసిందెవరని అడిగి, అడుగున ఆ పేరు వేయించుకునే ఇంటికి తీసుకెళ్లాలి.