లీజు గీత తెలియని దోమ

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. సరిగ్గా పదేళ్లకు, 1907లో, టాటా ఉక్కు కంపెనీ పుట్టింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, సాక్చి అనే పల్లె చుట్టూ ఉన్న అడవిని నరికి కొత్త ఊరు కట్టడం మొదలుపెట్టారు. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని, దాని కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అని పేర్లు పెట్టారు. అంటే జ్వరం గాలి వల్ల కాదు, దోమ వల్ల వస్తుందని తెలిశాక కట్టుకున్న పట్టణం ఇది. పాత ఊళ్లకు లేని వెసులుబాటు దీనికి ఉంది: మురుగు ఎటు పోవాలో ముందే గీసుకోవచ్చు. అయినా ఇక్కడ దోమతో పోరు ముగియలేదు, కలుపుతోనూ ముగియలేదు. ఎందుకని అడిగితే చాలామంది మందుల పేర్లు చెబుతారు, ఇది పనిచేసింది, అది చేయలేదని. నాకు మాత్రం ఏ మందు కొట్టారన్నదాని కన్నా, పనివాడి పార ఎక్కడిదాకా వెళ్లి ఆగిందన్నదే ఈ వందేళ్లలో ఫలితం తేల్చినట్టు కనిపిస్తుంది.

మొదట ఒక మాట ఒప్పుకోవాలి. ఇక్కడి దోమను చాలావరకు పెంచింది మనిషే. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వేసిన మార్గం ఈ ప్రాంతం గుండానే పోతుంది. ఆ కంపెనీ పట్టాల మీదుగానే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తెలుగు కూలీలు ఖరగ్‌పూర్‌కూ, టాటాకూ చేరారు. రైలు కట్టకు మట్టి కావాలి. ఆ మట్టిని కట్ట పక్కనే తవ్వారు. వానాకాలంలో ఆ గుంతలు ఎండ తగిలే తేట నీటితో నిండాయి. మలేరియా మోసే అనాఫిలిస్ జాతిలో కొన్ని దోమలకు అంతకన్నా ఏం కావాలి? ఇటుక బట్టీల గుంతలు, సగం కట్టిన కాలువలు దానికి తోడయ్యాయి. ఆ రైలు కంపెనీకి ప్రత్యేకంగా మలేరియా నిపుణుడు ఉండేవాడు, రోనాల్డ్ సీనియర్-వైట్ అని. రైల్వేల మీద మలేరియా గురించి ఆయన వరుసగా రాసిన నివేదికల్లో మనిషి తవ్విన గుంత ప్రస్తావన మాటిమాటికీ వస్తుంది. దోమను అదుపు చేసే పని లక్షణం దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. పొడుగు కాడ ఉన్న తెల్లని గరిటతో నీటిని మెల్లగా తోడతారు. అనాఫిలిస్ పిల్ల నీటి పైపొరకు ఆనుకుని అడ్డంగా పడుకుంటుంది, క్యూలెక్స్ పిల్ల తలకిందులుగా వేలాడుతుంది. ఆ తేడా చూసి ఏది జ్వరం తెచ్చేదో పోల్చుకుంటారు. వేడి రోజుల్లో గుడ్డు దోమై ఎగరడానికి దాదాపు వారం, పది రోజులు పడుతుంది. అందుకే దోమపిల్లలను చంపడానికి నీటి మీద నూనె చల్లేవాడు ప్రతి గుంతకూ వారానికోసారి తిరిగి రావాలి. ఒక్క వారం తప్పితే ఆ ముందటి వారాల కూలి నీళ్లపాలే.

ఈ పని జంషెడ్‌పూర్‌లో ఎవరిది? 1919-20 ప్రాంతంలో పట్టణానికి ప్లాను వేసిన ఫ్రెడరిక్ టెంపుల్ వృత్తిరీత్యా పారిశుద్ధ్య ఇంజనీరు. నేల వాలును బట్టి వీధులు వేసి, వాగుల వెంట పచ్చని పట్టీలు వదలాలన్నది ఆయన ఆలోచన. అది మురుగుకూ వానకూ దారి చూపే ఆలోచన. 1924లో నోటిఫైడ్ ఏరియా కమిటీ వచ్చింది. కానీ చెత్త ఎత్తడం, కాలువలు తీయడం, నీళ్లివ్వడం వంటివి ఎక్కువగా కంపెనీయే చేస్తూ వచ్చింది. 2004లో ఆ సేవల కోసం జస్కో అనే విడి సంస్థను పెట్టింది. కంపెనీకి లీజున్న నేల హద్దే లీజు గీత. ఆ గీత లోపల కాలువ అంచులు చెక్కినట్టుంటాయి. గీతకు అవతల జుగ్‌సలాయి వేరే మునిసిపాలిటీ, బాగ్‌బేడా పంచాయతీల కింద, మధ్యమధ్య జనం కట్టుకున్న బస్తీలు. జంషెడ్‌పూర్‌లో వీటిని ‘86 బస్తీలు’ అంటారు, అది ఎన్నికల మాట కూడా. వాగు మాత్రం ఒకటే. వాన పడితే లోపలి నీరు బయటికి, బయటి నీరు నదిలోకి పోతుంది. దోమకు లీజు కాగితం చదవడం రాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అడ్డూ అదుపూ లేని మునిసిపాలిటీల కన్నా ఒకే యజమాని ఉన్న ఊరే నయం కదా, ఎన్నికల గొడవ లేదు, ఆర్డరు వేస్తే పని అవుతుంది అని. నిజమే, లోపల అయింది. కానీ చరిత్రలో ఇలాంటి పరీక్ష ఒకటి ముందే జరిగింది. 1902 నుంచి లాహోర్ దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో సైన్యం చేతిలో ఉన్న నేల మీద కాలువలు ఆపి, గుంతలు పూడ్చి దోమను తగ్గించి చూశారు. ఆశించిన ఫలితం రాలేదు. 1909 సిమ్లా మలేరియా సభ నాటికి ఆ ఉదాహరణ దోమను తగ్గించడం సాధ్యం కాదనేవారికి ఆయుధమైంది. రాస్ మండిపడ్డాడు: పని చేసిన మేర చిన్నది, కాలం తక్కువ, డబ్బు తక్కువ అన్నాడు. బయటి నుంచి దోమ వస్తూనే ఉంటే లోపల ఎంత పూడ్చినా ఏం లాభం? సైనిక క్రమశిక్షణ ఉన్నచోటే గీత ఓడిపోయింది. ఒకే యజమాని ఉంటే చాలునన్న వాదానికి ఇంతకంటే గట్టి జవాబు నాకు కనిపించదు.

రెండో అభ్యంతరం బలమైనది. పార కాదు, డీడీటీ కదా మలేరియాను వంచింది? అవును. స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల కేసులు, 8 లక్షల మరణాలు ఉండేవని అంచనా. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాక, 1960ల తొలి ఏళ్లకు కేసులు లక్ష దరిదాపులకు దిగాయి. ఏ గుంత పూడ్చినా ఆ వేగం రాదు, ఒప్పుకుంటాను. కానీ 1976కు లెక్క 64 లక్షలు దాటింది. దోమ మందుకు అలవాటుపడింది, నిఘా సడలింది. పట్టణాల్లో నీటి గుంతల వెంట తిరిగే పనికి 1971లో మళ్లీ పట్టణ మలేరియా పథకం పెట్టాల్సి వచ్చింది. మధ్యలో ‘నిర్మూలన’ అన్న మాట ఒకటుంది చూశారా, అది చేసిన చేటు తక్కువేం కాదు. నిర్మూలించేశాం అనుకున్న ఊరు, గరిట పట్టుకుని తిరిగే మనిషికి జీతం ఎందుకివ్వాలి?

మందుకు బదులు ప్రాణులను దించిన కథ కూడా ఇదే బాట పట్టింది. దోమపిల్లలను తింటుందని 1928లో గంబూసియా చేపను ఇటలీ నుంచి తెచ్చారు. అది మన చెరువుల్లో స్థానిక చేపపిల్లలకే ముప్పైంది. నివారణకు వచ్చింది తానే చొరబాటుదారైంది. ఒడ్డున కథ వయ్యారిభామ అనే కలుపుమొక్కది. అమెరికా గోధుమలతో వచ్చిందని జనం చెప్పుకుంటారు, 1955-56లో పుణెలో గుర్తించారు, ఇక్కడివాళ్లు గాజర్ ఘాస్ అంటారు. దీన్ని తినే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరులో వదిలారు. అది వానాకాలంలో ఆకులు తిని, వానలు వెళ్లాక మట్టిలోకి పోయి పడుకుంటుంది. అదీ సీజన్ కూలీయే, పాపం. మిగతాది చేతి పనే. తొలకరి తర్వాత నేల మెత్తగా ఉన్నప్పుడు పట్టి లాగితే తల్లివేరుతో సహా వస్తుంది. పువ్వు వచ్చాక లాగితే పుప్పొడి చర్మానికీ ఊపిరికీ తగులుతుంది, వేల గింజలు అప్పటికే రాలి ఉంటాయి. జూన్‌లో రెండు వారాలు ఆలస్యమైతే మరుసటి ఏడాది పని రెట్టింపు. కాలువలో గుర్రపుడెక్క పరుచుకుంటే దాని నీడలో చేప చేరలేని చోట దోమపిల్లలు దాక్కుంటాయి. కలుపు, దోమ వేరువేరు శాఖలని కాగితం మీద గీసుకోవచ్చు, వాగులో గీయలేం.

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రతి పట్టణానికి మునిసిపాలిటీ ఉండాలంది. అందులోనే 243క్యూ అధికరణం పారిశ్రామిక పట్టణాలకు మినహాయింపు ఇచ్చింది. జంషెడ్‌పూర్ ఆ మినహాయింపు చుట్టూ ఏళ్ల తరబడి కోర్టుల్లో తిరిగింది. ఓటు ఎవరికి, పన్ను ఎవరికి అన్నది పెద్ద తగవే. కానీ ఏ పక్షం గెలిచినా, లీజు గీత మీద ఉన్న కల్వర్టు కింద బురద తీయడానికి జూన్ మొదటి వారంలో ఏ కూలీ, ఏ రేజా (ఆడ కూలీ) దిగాలో, ఆ రోజు కూలి ఏ ఆఫీసు ఇవ్వాలో ముందు తేల్చాలి. ఆ కల్వర్టుకు రెండు వైపులా నీరు ఒకటే.